నోటికి అడ్డం పెట్టిన చెయ్యి

కరెంటు పోయింది కాబట్టి హేమలత పళ్ళు ఇంకో గంటసేపు ఆమెవే. లోపల కుర్చీ మీది లైటు ఆరిపోయింది, పళ్ళు అరగదీసే మిషను ఒక్కసారి మూలిగి ఊరుకుంది, డాక్టరు గారు గ్లవుజులు ఊడదీసి చెత్తబుట్టలో వేస్తూ, లైను మీద ఏదో పని చేస్తున్నారట, గంట పట్టేట్టుంది, ఈలోగా ఇంటికెళ్ళి నాలుగు మెతుకులు తినొస్తాను, మీరు వరండాలో కూర్చోండమ్మా అని మెట్ల వైపు నడిచాడు. పోతూ పోతూ ఆగి, పొద్దున చెప్పిన మాటే మళ్ళీ చెప్పాడు. పైవరస ముందు పళ్ళు ఆరూ సన్నగా అరగదీసి వాటి మీద తెల్లటి తొడుగులు అతికించాలి, ఒకసారి అరగదీశాక ఇక మళ్ళీ మొలిచేవి కావు, బాగా ఆలోచించుకున్నారు కదా. ఆలోచించుకున్నానండీ అంది హేమలత, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. పళ్ళ డాక్టరు ముందు కూడా నోరు దాచుకునే మనిషి లోకంలో తనొక్కతే అయివుంటుందని ఆమెకే అనిపించింది. వచ్చే సోమవారం ఒంగోలులో ఒక పాల కంపెనీ ల్యాబులో ఉద్యోగంలో చేరాలి, కొత్త ఊరు, కొత్త మనుషులు, అక్కడైనా చెయ్యి దించి మాట్లాడాలి, అందుకే ఈ తొందర. తొందర ఉన్న మనిషికి కరెంటు పోతే చిరాకు రావాలి. రాలేదు. మెడ వదులైంది, భుజాలు కిందికి దిగాయి, హమ్మయ్య అన్న మాట నోటిదాకా వచ్చింది. పరీక్ష వాయిదా పడ్డ పిల్లలాగా ఇదేం సంబరం అని తన మీద తనకే కోపం వచ్చి, ఆ కోపంతోనే కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చుంది.

మార్కాపురం బస్టాండు పక్క మందుల షాపు మీద మేడ అది. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు, మూలన నీళ్ళ క్యాను, గోడ మీద నోరంతా తెరిచి నవ్వుతున్న ఎవరో దొరసాని బొమ్మ. బల్ల వెనకాల డాక్టరు గారి దగ్గర పనిచేసే ముబాషిరా, తలకు స్కార్ఫు, మూతికి మాస్కు, కళ్ళు మాత్రమే కనబడే మనిషి. పక్క కుర్చీలో చెల్లెలు సుస్మిత, ఇంటరు రెండో ఏడు, సెల్లులో తల దూర్చేసింది. నాయన నరసింహులు ఊరికే కూర్చునే రకం కాదు, బస్టాండులో మనూరోళ్ళు ఎవురన్నా ఉన్నారేమో చూసొస్తానని మోకాళ్ళు పట్టుకుంటూ ఒక్కో మెట్టూ దిగిపోయాడు. ఫ్యాను ఆగిపోవడంతో కింది చప్పుళ్ళన్నీ పైకి వచ్చేశాయి. తర్లుపాడు, కంభం, గిద్దలూరూ గిద్దలూరూ అని ఒక గొంతు, త్రిపురాంతకం, ఎర్రగొండపాలెం అని ఇంకో గొంతు, మధ్యలో బఠాణీల వాడి గరిటె చప్పుడు. తను రెండేళ్ళు చదువుకున్న గాల్వేలో బస్సు నోరు మెదపదు. నుదుటి మీద అంకె వెలిగించుకుని వస్తుంది, జనం వరసలో నిలబడి ఎక్కుతారు, దిగేటప్పుడు ప్రతి ఒక్కరూ డ్రైవరుకు థాంక్యూ చెబుతారు. ఐర్లండ్ నుంచి వచ్చిన కొత్తలో ఆ అలవాటు కొద్దీ తమ ఊరికి పోయే పెద్దారవీడు బస్సు దిగుతూ డ్రైవరుకు థాంక్యూ చెప్పింది. ఆయన కంగారుపడి బస్సు ఆపేసి, "ఏం మర్చిపోయినావమ్మా?" అన్నాడు. ఏమీ మర్చిపోలేదన్నా నమ్మక, సీట్ల కింద వెతకమని కండక్టరును పంపించాడు. రోడ్డు దాటడం కూడా అంతే. కార్లు ఆగుతాయని అంచున నిలబడేది, అవి ఎందుకు ఆగుతాయి, ఆటో నడిపే బుడే సాహెబ్ తాత జాలిపడి, "వాళ్ళు ఆగరు తల్లీ, నువ్వే పోవాల. పో, నేనుండా" అని ఆటో అడ్డం పెట్టి దాటించాడు. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వొచ్చింది కూడా. చెయ్యి లేచింది. వరండాలో ఎవరూ తన వైపు చూడకపోయినా, చెయ్యి లేచి నోటి మీదికి వచ్చేసింది.

అన్నీ సర్దుకున్నాయి, ఈ చెయ్యి తప్ప. వచ్చి మూడు నెలలు కావస్తోంది. ఎండ సర్దుకుంది, అసలు ఎండకు సర్దుకోవడం ఏమిటి, ఆ ఎండ కోసమే కదా రెండేళ్ళు మొహం వాచింది, అక్కడ పొద్దున లేస్తే వాన, అన్నం తింటుంటే వాన, వానలోనే పుట్టి వానలోనే పెరిగినట్టు నడిచే మనుషులు, గదిలో తీగ మీద ఆరేసిన చుడీదారు మూడో రోజుకు కూడా చెమ్మవాసనే. ఇక్కడ మేడ మీద ఆరేసి కిందికి దిగేలోపు పెళపెళలాడుతుంది. మొదటి వారం ఆరిన బట్టలు ఊరికే వాసన చూసుకుంటూ కూర్చునేది, అమ్మ యశోద చూసి, దీనికి ఏమన్నా అయిందా అని లోలోపల భయపడింది కూడా. జొన్నరొట్టె సర్దుకుంది, చింతాకు పప్పు సర్దుకుంది, తెల్లారకముందే లేపేసే గుడి మైకు సర్దుకుంది. అన్నిటికంటే హాయి, మాట. రెండేళ్ళపాటు ప్రతి మాటా ముందు లోపల కూడబలుక్కుని, వ్యాకరణం సరిచూసుకుని, అప్పుడు బయటికి వదిలింది. ఇక్కడ నోరు తెరిస్తే చాలు, మాటే దొర్లుకుంటూ పోతుంది. పోట్లాడొచ్చు. అలగొచ్చు. ఎవరూ ఏ దేశం మీది అని అడగరు, కిరాణా దుకాణంలో అయితే, "నరసింహులు పెద్ద బిడ్డవా?" అని అడుగుతారు, అవును అంటే ఇక అడగడానికేం ఉండదు. ఇంటికి వచ్చేశాను అన్న మాట మనసులో అనుకున్నప్పుడల్లా కడుపులో చల్లగా ఉంటుంది, నిజంగా, ఎండలో నడిచొచ్చి మజ్జిగ తాగినట్టే ఉంటుంది. ఇంత సుఖంలో ఈ చెయ్యి ఒక్కటి ఇంకా విమానం దిగలేదు.

ఎప్పుడు మొదలైంది? ఓర్లా. పాపం ఓర్లాను తప్పుపట్టడానికి లేదు, ల్యాబులో పక్క బల్ల, చలికి వణుకుతుంటే తన ఉన్ని కోటు ఇచ్చిన పిల్ల, అమ్మ మీద బెంగపెట్టుకుని ఏడిస్తే పక్కన కూర్చుని తనూ ఏడ్చిన పిల్ల. క్లాసు వాళ్ళంతా సముద్రం ఒడ్డుకు వెళ్ళినరోజు గాలికి టోపీలు ఎగిరిపోతుంటే హేమలత పగలబడి నవ్వింది, ఓర్లా ఫోటో తీసింది. సాయంత్రం ఆ ఫోటో పంపింది. అందులో సముద్రం ఉంది, ఎగిరే జుట్టు ఉంది, నవ్వు ఉంది, పళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి. కొబ్బరి ముక్కల్లాగా. హేమలత ముందు అర్థం కాక ఫోటోను పెద్దది చేసి చూసింది, తన మొహమే, ఆ నోట్లో ఎవరివో పళ్ళు. కింద ఓర్లా రాసింది, నీ కోసం సరిచేశాను, చూడు ఎంత బాగున్నావో. పక్కన గుండె బొమ్మ. సరిచేశాను. అంటే అప్పటిదాకా సరిగ్గా లేవని అర్థం, అప్పటిదాకా అందరూ చూస్తూనే ఉన్నారని అర్థం, ఇన్నాళ్ళూ ల్యాబులో, క్యాంటీనులో, తను నోరు తెరిచి నవ్విన ప్రతిసారీ వాళ్ళు మర్యాద కొద్దీ కళ్ళలోకే చూస్తూ ఊరుకున్నారని అర్థం. ఎవరన్నా వెక్కిరించి ఉంటే బాగుండేది, నాలుగు తిట్టి మర్చిపోయేది. ప్రేమతో చేసిన పనికి ఏమని తిడతారు. థ్యాంక్స్ అని రాసింది, తనూ ఒక గుండె బొమ్మ పెట్టింది. మర్నాడు ల్యాబులో ఎవరో జోకు వేస్తే నవ్వు రాకముందే చెయ్యి వచ్చేసింది.

అంతకుముందు పళ్ళ ఊసే తెలియదు. తెలియకపోవడమంటే, తెలుసు, గాలి ఉందని తెలిసినట్టు తెలుసు. ఊళ్ళో అందరివీ అవే పళ్ళు. అడ్డంగా గోధుమరంగు చారలు, అంచులు కొద్దిగా పెళుసు. గారపళ్ళని బయటి ఊళ్ళవాళ్ళు అంటారు, బోరు నీళ్ళలో ఫ్లోరైడు అని బడిలో సారు చెప్పాడు, ఆ సారువి కూడా అవే పళ్ళు. చిన్నప్పుడు ఇటుకపొడి, బొగ్గు, ఉప్పు, నిమ్మచెక్క, అన్నిటితోనూ తోమారు, చిగుళ్ళు మండడమే తప్ప చార కదల్లేదు. మార్కాపురం కాలేజీలో చేరినరోజు పక్క అమ్మాయి మొహంలోకి చూసి, "పెద్దారవీడు పక్కలా?" అని అడిగింది, తను కూడా నవ్వి చూపించింది, ఇద్దరూ ఒకే బెంచీలో కూర్చున్నారు. అంత సులువుగా ఉండేది. కోపం ఉంటే ఆ నీళ్ళ మీద ఉండాలి. తాత చివరి రోజుల్లో నడుం వంగిపోయి నేలనే చూస్తూ తిరిగాడు, నాయన మోకాళ్ళు యాభై దాటకుండానే బిగుసుకుపోయాయి, ఊరంతా ఎన్ని అర్జీలు పెట్టుకుంటే, ఎన్నేళ్ళకు, నీళ్ళు శుభ్రం చేసే ప్లాంటు వచ్చింది. అప్పటికి సుస్మితకు రెండో ఏడు. అందుకే దానికి చారలు లేవు, పై పళ్ళ మీద సుద్దముక్కతో గీసినట్టు రెండు సన్నటి గీతలు, అంతే. దాని తర్వాత పుట్టిన పిల్లలకు అవీ లేవు. ఆ నీళ్ళ మీద రావాల్సిన కోపం తన నోటి మీదికి ఎట్లా మళ్ళిందో హేమలతకు ఇప్పటికీ తెలియదు.

ఆ సముద్రం ఫోటో అమ్మకు పంపడమే పొరపాటు. అమ్మ ఊరుకుంటుందా, మార్కాపురంలో పెద్దది చేయించి అద్దం కట్టించి టీవీ పైన తగిలించింది. చూసినవాళ్ళంతా చూశారు, అక్కడి నీళ్ళు మంచివి, చూడు గార ఎట్ల పోయిందో అని తీర్మానించారు. ఆ తీర్మానంలో అందరికంటే ముందుంది అవ్వ సుబ్బులమ్మ. హేమలత విమానం దిగి, రైలు దిగి, బస్సు దిగి గడపలో కాలు పెట్టగానే అవ్వ గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకు తిప్పింది. "ఏందే, ఫోటోలో తెల్లగుండె గదా? మళ్ళా వచ్చినాయే! బోరు నీళ్ళు తాగినావా యాడన్నా?" లేదవ్వా అన్నా వినలేదు, గుంటూరు స్టేషన్లో తాగి ఉంటావు అంది, కోడలి మీద ఎగిరింది, పిల్లకు సీసా ఇచ్చి ఎదురుపొమ్మంటి గదా అని. హేమలత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అవ్వ ఆ చెయ్యి వైపు చూసింది. మర్నాటికి ఆ చేతికి కూడా ఒక అర్థం చెప్పేసింది, అరుగు మీద నలుగురు ఆడవాళ్ళను కూర్చోబెట్టుకుని. "అక్కడ మర్యాదంట. నవ్వితే నోరు కనపడగూడదంట. పెద్ద చదువులోళ్ళ పద్ధతి." గదిలోంచి హేమలత విన్నది. కాదు అనలేదు. అవసరానికి అందివచ్చిన మాట, ఎవరికీ కష్టం లేదు, ఉండనీలే అనుకుంది.

కష్టం లేకపోవడమేమిటి, త్రిపురాంతకంలో తెలిసింది. పెద్దమ్మ కొడుకు మురళీకృష్ణ బిడ్డకు పుట్టెంట్రుకలు తీయించి భోజనాలు పెట్టారు, చాప మీద వరసగా పిల్లలంతా, వదినలు, మరదళ్ళు, బాబాయి కూతుళ్ళు, ఎవరో బావ గుండు చేయించుకున్న బిడ్డను ఎత్తుకుని ఏదో అన్నాడు. ఒకప్పుడైతే ఆ వరస నవ్వితే వీధి చివర కుక్కలు లేచేవి. అప్పుడు మాత్రం చేతులు లేచాయి. ఒకటి, రెండు, ఆ చివరనుంచి ఈ చివరదాకా గాజుల చప్పుడుతో చేతులన్నీ లేచి నోళ్ళకు అడ్డం పడ్డాయి. కిసుక్కుమని ఒక చప్పుడు, అంతే. ఫారిన్ పద్ధతి. తన దగ్గర నేర్చుకున్న పద్ధతి. కొందరు వేళ్ళు ముద్దుగా వంచి మరీ పెట్టారు, సాధన చేసి వచ్చినట్టు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు హేమలతకు, నవ్వే వచ్చింది, ఆ నవ్వుకు తన చెయ్యి కూడా లేచింది. రెండేళ్ళు చదువుకుని ఊరికి ఏం తెచ్చావమ్మా అని ఎవరన్నా అడిగితే చెప్పుకోవచ్చు, చెయ్యి తెచ్చానని. అక్కడినుంచి అన్నం సహించలేదు.

అందరిదీ ఒక ఎత్తు, సుస్మితది ఒక ఎత్తు. సుస్మిత నవ్వితే ఇంట్లో వాళ్ళు చెవులు మూసుకునేవాళ్ళు. గాల్వేలో ఫోన్లో ఆ నవ్వు వినిపిస్తే స్పీకరు పగులుతుందేమో అని హేమలత దూరం పెట్టుకునేది, పెట్టేశాక మళ్ళీ ఎప్పుడు చేస్తుందా అని ఎదురుచూసేది. ఇప్పుడు ఆ పిల్ల అరచేతిలోకి నవ్వుతోంది. అద్దం ముందు నిలబడి కుడిచెయ్యి బాగుంటుందా ఎడమచెయ్యా అని చూసుకుంటుంటే హేమలత రెండుసార్లు చూసింది. నిన్న సాయంత్రం గేదెకు నీళ్ళు పెడుతూ, "నీకు అయినాక నాకు కూడా చేయించక్కా. నాయనకు నువ్వు చెప్పు" అంది. నీ పళ్ళకేమైందే అంటే, "నీవి తెల్లగైతే నావి పచ్చగా కనపడవా పక్కన?" అంది. ఆ రెండు సుద్దగీతల పళ్ళు. వాటిని కూడా ఆ మిషను కింద పెడుతుందట. నిజం చెప్పొచ్చు, అది మర్యాదా కాదు మన్నూ కాదు, సిగ్గేసి అడ్డం పెట్టుకున్నాను అని. చెబితే ఏమవుతుంది, ఎందుకు సిగ్గేసిందక్కా అంటుంది, ఓర్లా ఫోటో సంగతి చెప్పాలి, అప్పుడు ఆ పిల్ల అద్దంలో చూసుకునే చూపు మారిపోతుంది, తనకు మారినట్టే. చెప్పకపోతే చెయ్యి మిగులుతుంది, చెబితే సిగ్గు మిగులుతుంది. ఏది ఇవ్వాలి చెల్లెలికి? ఈ గంట గడిచిపోతే లైటు వెలుగుతుంది, తను ఆ కుర్చీలో కూర్చుంటుంది, అక్క చేయించుకుంది అన్న ఒక్క మాట చాలు, ఏదో ఒక రోజు అదే కుర్చీలో సుస్మిత. గోడ మీద దొరసాని నవ్వుతూనే ఉంది. ఆమెకేం, బొమ్మ.

మెట్ల మీద అడుగుల చప్పుడు, ఆగి ఆగి, నాయనదే. తలకు చుట్టుకోవాల్సిన తువ్వాలను మూట చేసి గుండెకు హత్తుకుని వచ్చాడు. కుర్చీలో కూలబడి మూట విప్పితే వరండా అంతా ఒక్కసారి వాసన. సీతాఫలాలు. కళ్ళు విచ్చుకున్నవి, తాకితే చితికేవి.

"నల్లమల కాయ. పెద్దదోర్నాల ఆయమ్మ తెచ్చిందంట. కాచుకోని ఉన్నట్టు పండినాయి చూడు," అన్నాడు నాయన.

"ఈడనా నాయనా? పళ్ళాస్పత్రిలోనా?" అంది హేమలత.

"ఆస్పత్రిలో ఐతే ఆకలి కాదా ఏంది? కుర్చీలో కూర్చున్నాక మళ్ళా ఎన్నాళ్ళకు తింటావో. తినుండు."

గాల్వేలో ఒకసారి పెద్ద దుకాణంలో ఒక సీతాఫలం కనబడింది, ఏ దేశం నుంచి వచ్చిందో, మెత్తటి కాగితంలో చుట్టుకుని ఒంటరిగా కూర్చునుంది. కొనుక్కుని గదికి తెచ్చి కిటికీలో పెట్టింది. పండలేదు. వారమంతా రాయిలాగే ఉండి, చివరికి నల్లబడి ఊరుకుంది. దాన్ని పారేస్తూ తను ఏడ్చిందా? ఏడ్చింది. కాయ కోసం ఏడిచేదేముంది, అయినా ఏడ్చింది. ఇప్పుడు చేతిలో పెట్టుకుని రెండు బొటనవేళ్ళతో అదిమితే పువ్వు విచ్చుకున్నట్టు రెండు చెక్కలైంది, తెల్లటి గుజ్జు, నల్లటి గింజలు, వేళ్ళ సందుల్లోంచి రసం మణికట్టు దాకా కారింది. సీతాఫలం ఒక చేత్తో తినే వస్తువు కాదు. చెరో చేతిలో ఒక చెక్క పట్టుకుని నోరే దాని దగ్గరికి వెళ్ళాలి. సుస్మిత సెల్లు పక్కన పడేసి మొహమంతా పూసుకుంటోంది. నాయన గింజలు అరచేతిలోకి ఊదుకుంటున్నాడు. వరండా అంతా చప్పరింపులే. ఇంతలో సుస్మిత నోటినిండా గుజ్జుతోనే, "అక్కా, అక్కడ అందరూ అంతేనా? ఇంట్లో ఉన్నా కూడా చెయ్యి పెట్టుకోనే నవ్వుతారా?" అంది.

హేమలత నోట్లో గింజను నాలుకతో పక్కకు తోసింది. చెప్పాలి, ఏదో ఒకటి. నాయన తలెత్తకుండా, "అది వాళ్ళ మర్యాద కాదులేమ్మా. మనదే ఆ జబ్బు. నేనూ చేసినా ఆ పని," అన్నాడు.

అక్కచెల్లెళ్ళిద్దరూ తినడం ఆపేశారు.

"నిజం. అక్క పుట్టకముందు. చిలకలూరిపేట పక్క సంతకు ఎద్దుల కోసం పోయినా. ఆ పక్కోళ్ళ పళ్ళు చూస్తే తెల్లగా ఇంతింత. నాకు సిగ్గేసింది. తువ్వాలు ఇట్ల రెండు చేతులతో నోటికి అడ్డం పట్టుకోని నిలబడినా. సంతలో బేరం ఎట్ల చేస్తారో తెలుసు గదా మీకు?"

తెలుసు. చిన్నప్పుడు నాయన వెంట సంతకు వెళ్ళి చూసిందే. ఎద్దుల ధర నోటితో చెప్పరు, నలుగురికీ తెలిసిపోతుందని. కొనేవాడూ దళారీ తువ్వాల కింద చేతులు కలుపుకుని, వేళ్ళు నొక్కి చెప్పుకుంటారు. ఎవరైనా తువ్వాలు చేత పట్టుకుని ఎదురుగా నిలబడ్డారంటే బేరానికి సిద్ధమని అర్థం.

"దళారి చూసినాడు. ఈ రైతెవురో అప్పుడే తువ్వాలు ఎత్తి పట్టుకున్నాడే, తొందరమీద ఉన్నాడే అనుకున్నాడు. బిరబిర వచ్చినాడు. మాట లేదు పలుకు లేదు, తువ్వాల కిందికి చెయ్యి దూర్చేసినాడు."

"దూర్చి?" అంది సుస్మిత.

"ఏముంది, నా గెడ్డం దొరికింది. పట్టుకోని నొక్కతాడు. నేను మాట్లాడను, సిగ్గు గదా. ఈ మనిషి ఒప్పుకోలేదులే అనుకోని ఇంకా గట్టిగా నొక్కతాడు. ఆకాశంలోకి చూస్తా నొక్కతాడమ్మా, బేరం చేసేటోళ్ళు మొగం చూసుకోరు గదా! తర్వాత మీసం దొరికింది. లాగినాడు. మీసం ఐతే ఎంత ధర అని నేను ఆలోచన చేస్తాన్నా."

ముందు సుస్మితది పేలింది. గుజ్జు, గింజ, నవ్వు, అన్నీ ఒకేసారి. ఆ పాత నవ్వు, ఫోన్లు పగిలే నవ్వు. హేమలతకు కడుపులోంచి ఏదో పైకి తన్నుకొచ్చింది, కుడిచెయ్యి లేచింది, లేచిన చెయ్యి నిండా సీతాఫలం, ముక్కు దగ్గరికి వచ్చి ఆగిపోయింది, ఎడమచెయ్యి చూసింది, దాన్నిండా కూడా అదే. అడ్డం పెట్టుకోవడానికి ఏమీ లేదు. నవ్వు ఆగలేదు. నోరు మొత్తం తెరుచుకుని, ఆరు పళ్ళూ, ఆరు కాదు ఉన్నవన్నీ, చారలతో సహా, వెలుతురులోకి వచ్చేశాయి. వంగి నవ్వింది, వెనక్కి వాలి నవ్వింది, కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి కూడా చెయ్యి లేక భుజానికి రుద్దుకుంటూ నవ్వింది. ఇంత నవ్వు రెండేళ్ళుగా ఎక్కడ దాక్కుందో. కడుపు నొప్పి పుడుతోంది, ఆ నొప్పి హాయిగా ఉంది.

"ఆపైన ఏమైంది నాయనా?" అంది ఎట్లాగో.

"ఏమైతది, చక్కిలిగిలి పుట్టి నాకూ నవ్వొచ్చేసింది. తువ్వాలు జారిపోయింది. ఆయన నా నోరు చూసినాడు, చూసి ఆయనా నవ్వినాడు. చూస్తే ఏముంది, ఆయనవీ మన పళ్ళే. దొనకొండ మనిషి! ఏమన్నా, ముందే నవ్వి ఉంటే మనోడని తెలిసేది గదా, నీ మీసం మిగిలేది గదా అన్నాడు. ఎద్దులు ఇప్పించి, రాత్రికి ఆయన గదిలోనే పండుకోబెట్టుకున్నాడు. ఆ పొద్దునుంచి తువ్వాలు తలకే." నాయన గింజలు కవర్లో వేసి, హేమలత వైపు చూశాడు, నవ్వుతున్న కళ్ళతోనే. "నువ్వు ఇంటికొచ్చిన దినమే చూసినానమ్మా. ఇది ఆ తువ్వాలే అనుకున్నా. దానంతటదే జారతాదిలే అని ఊరుకున్నా."

హేమలత చేతిలోని ఖాళీ తొక్క కవర్లో వేసింది. మూడు నెలలుగా ఎవరికీ తెలియదని మోసుకు తిరిగిన మూట ఇంట్లో ఒక మనిషికి మొదటిరోజే తెలుసు. తెలిసి, డాక్టరు దగ్గరికి తీసుకుపో అంటే ఎందుకని అడగకుండా బస్సెక్కి వచ్చాడు. ఇంత తేలిగ్గా ఉంటుందని తెలిస్తే ఎప్పుడో తెలియనిచ్చేది.

గోలకు బల్ల వెనకనుంచి ముబాషిరా లేచి వచ్చింది, నడుం మీద చేతులు పెట్టుకుని. "ఏందన్నా ఇది, సారు వస్తే నన్నంటాడు. కింద ఒక్క గింజ పడినా నేనే ఊడ్చాల," అంది, కళ్ళు మాత్రం సీతాఫలాల మీదే ఉన్నాయి. నాయన ఒకటి తీసి చేతిలో పెట్టాడు. ఆమె ఒక్క క్షణం తటపటాయించి మాస్కు గడ్డం కిందికి లాగేసింది. చెక్క కొరికి, రుచికి కళ్ళు మూసుకుని, నవ్వింది. అవే చారలు. హేమలత కంటే ముదురు కూడా. సుస్మిత నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది.

"నువ్వు చేయించుకోలేదా అక్కా? ఈడనే ఉంటావు గదా," అంది సుస్మిత.

"సారు ఊరికే చేస్తానన్నాడు. నేనే వద్దన్నా. ఆ అరగదీసే చప్పుడు దినమ్మూ ఇంటాను గదా, నాకు బయ్యం," అంది ముబాషిరా, మళ్ళీ అందరూ నవ్వారు.

ఫ్యాను చిన్నగా కదిలింది. లోపల కుర్చీ మీద లైటు వెలిగింది, మిషను కీచుమని లేచి కూర్చుంది. ముబాషిరా చప్పున మాస్కు పైకి లాక్కుని, నోరు కడుక్కోని రా హేమలతా, సారు వచ్చేస్తాడు అంది. హేమలత లేచి ఆ తెల్లటి వెలుతురు వైపు చూసింది. భయం లేదు, కోపం కూడా లేదు. రేపు ఒంగోలులో ఎవరన్నా ఏదన్నా అంటే బుద్ధి మారుతుందేమో, ఇంకో ఏడాదికి తనే వచ్చి ఇదే కుర్చీలో కూర్చుంటుందేమో, ఎవరు చెప్పొచ్చారు, వస్తే మాత్రం పళ్ళు బాగుచేయించుకోవడానికి వస్తుంది, దాక్కోవడానికి రాదు. పక్కన సుస్మిత మోచేతుల దాకా రసంతో, ఇంకా ఎక్కిళ్ళు పెడుతూ, నోరు తెరిచి తన వైపే చూస్తోంది. ఆ రెండు సుద్దగీతలు ఎంత బాగున్నాయో.

"సారుకు చెప్పక్కా, మేము పోతాన్నామని. పళ్ళు నా దగ్గరే ఉంటాయని," అంది హేమలత ముబాషిరాతో.

నాయన మిగిలిన కాయలు ముబాషిరా బల్ల మీద పెట్టి, తువ్వాలు దులిపి తలకు చుట్టుకున్నాడు. "మరి నాకక్కా?" అంది సుస్మిత మెట్ల మీద. "నీకేమైందే, ముందు మూతి కడుక్కో," అంది హేమలత, దాని జడ పట్టుకుని లాగుతూ. కింద మందుల షాపు పక్కన కుళాయి కింద ముగ్గురూ చేతులు కడుక్కున్నారు, జిగురు ఒక పట్టాన వదల్లేదు. తలెత్తేసరికి పెద్దారవీడు బస్సు అప్పుడే బస్టాండు దాటి రోడ్డెక్కుతోంది. పోయిందే, ఇంక సాయంత్రం దాకా లేదే అని నాయన మోకాళ్ళతో పరుగెత్తబోయాడు. "మీసం పట్టుకోని ఆపు నాయనా," అంది సుస్మిత. హేమలతకు నవ్వు మళ్ళీ ముంచుకొచ్చింది, నవ్వు రావడంతో అలవాటు కొద్దీ కుడిచెయ్యి లేచింది. లేచిన చెయ్యి ఈసారి నోటి దగ్గర ఆగలేదు. ఇంకా పైకి పోయి, తలమీదికి పోయి, తడి వేళ్ళు విప్పుకుని ఎండలో ఊగింది. డ్రైవరు అద్దంలోంచి చూశాడు. నడిరోడ్డు మీద చెయ్యెత్తి, నోరంతా తెరిచి నవ్వుతున్న ఆ పిల్ల ఏ పక్కల పిల్లో ఆయనకు దూరం నుంచే తెలిసింది. బస్సు ఆగింది.